మూడో మంచానికి అన్నీ పున్నములే

పన్నెండు కొట్టేసరికి వార్డు అవతలి కొస నుంచి భోజనాల బండి కిర్రుకిర్రుమంటూ బయల్దేరేది. అది మొదటి మంచం దాకా రాకముందే, మూడో మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న అమ్మకు అరచేతులు చెమటలు పట్టేవి. మిగతా వాళ్ళకి అది అన్నం బండి. ఆమెకు మాత్రం పరీక్ష పేపర్లు మోసుకొచ్చే బండి.

మూడో మంచం మీద ఉన్నది ఆమె కూతురు. ఇరవై ఆరేళ్ళు, స్కూలు వ్యాను నడుపుతుంది. పుట్టినప్పుడు నాలుగు కిలోలుందని ముద్దుగా బొద్దు అన్నారు, ఆ పేరే ఉండిపోయింది. వ్యాను ఎక్కే పిల్లలు కూడా బొద్దక్కా అనే పిలుస్తారు. ఆ బొద్దుకు పేగుకి చిల్లు పడితే పది రోజుల కిందట హడావిడిగా పొట్ట కోసి కుట్టారు. ఆపరేషన్ బాగానే జరిగింది. జ్వరం పోయింది, కుట్లు ఆరుతున్నాయి. ఇక తిండి ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కటే కుదరడం లేదు. అన్నం చూస్తే చాలు, పిల్ల మొహం గోడ వైపు తిప్పేసుకునేది.

బుధవారం పొద్దున పెద్ద డాక్టరు వచ్చి, "ఇవాళ్టి నుంచి మామూలు తిండి పెట్టండి. సోమవారం దాకా చూద్దాం. నోటితో తింటే సరే, లేకపోతే ముక్కులోంచి పొట్టలోకి సన్నటి పైపు వేసి పాలు పంపిద్దాం. భయపడేదేం లేదు, చాలామందికి వేస్తాం" అన్నాడు. ఆయన మామూలుగానే చెప్పాడు. అమ్మకు మాత్రం పైపు అన్న తర్వాత ఒక్క మాట కూడా చెవికెక్కలేదు.

ఆమెది మొదటి నుంచీ అదే తీరు. వ్యాను పది నిమిషాలు ఆలస్యమైతే బ్రేకులు పోయాయనుకునేది. ఇరవై నిమిషాలైతే ఆసుపత్రికి ఏ బస్సెక్కాలో కూడా ఆలోచించి పెట్టుకునేది. ఎనిమిదో తరగతితో ఆగిపోయిన చదువు కాబట్టి డాక్టర్లు చెప్పేదాంట్లో సగమే అర్థమయ్యేది. అర్థం కాని సగాన్ని భయంతో నింపుకునేది. పైపు వేస్తారు, అది అడ్డం తిరుగుతుంది, ఊపిరాడదు, ఆ టైముకి నర్సు టీకి వెళ్ళి ఉంటుంది. ఇంతవరకూ వెళ్ళిపోయేది ఆమె ఊహ.

ఆ వార్డులో ఒక పద్ధతి ఉంది. ప్రతి మంచం కాళ్ళ వైపు ఒక అట్టకి కాగితం బిగించి వేలాడదీస్తారు. దాని నిండా వరసలుగా సున్నాలు. పళ్ళెం తీసుకుపోయే వాళ్ళు రోగి ఎంత తిన్నాడో చూసి సున్నాని పెన్నుతో నింపాలి. అంతా తింటే మొత్తం, సగం తింటే సగం, ఏదో ఎంగిలి పడ్డాననిపిస్తే అంచున సన్నటి గీత. అసలు ముట్టకపోతే ఖాళీ సున్నా. వార్డులో అందరూ దాన్ని చందమామ కాగితం అనేవాళ్ళు. పున్నమి, సగం, నెలవంక, అమావాస్య. డాక్టరు రౌండ్స్‌కి వచ్చినప్పుడు మొదట చూసేది ఆ కాగితాన్నే, రోగి మొహం ఆ తర్వాత.

బుధవారం మధ్యాహ్నం మూడో మంచానికి నెలవంక పడింది. హెడ్ సిస్టర్ అట్ట తిప్పి చూసి, "ఏంటమ్మా, ఇదేనా తినడం? ఇలాగైతే డాక్టరు గారు ఊరుకోరు" అని వెళ్ళిపోయింది. 

ఆ సాయంత్రం మళ్ళీ బండి వచ్చింది. బుధవారం నుంచి శుక్రవారం దాకా బండి తోసింది రోజూ తోసే ఆవిడ కాదు. ఆవిడ తన చెల్లెలి పురిటికని సెలవు పెడితే బదులుగా వచ్చినతను. ఏ స్టేషన్‌లోనూ ఆగడని రెండో మంచం మామ్మ అతనికి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టింది. మంచం కాళ్ళ వైపు బల్ల మీద ట్రే ధబ్‌మని పెట్టి, వెనక్కి చూడకుండా పోయేవాడు. సరిగ్గా అరగంటకి వచ్చి, పళ్ళెంలో ఎంత మిగిలిందో నిలబడే చూసి, సున్నా నింపి, ట్రే లాక్కుపోయేవాడు. తిన్నదెవరో అడగడం అతని డ్యూటీ కాదు.

అమ్మ మూత తీసింది. వేడి సూపు వాసన గుప్పున బొద్దు మొహానికి కొట్టింది. పిల్ల కళ్ళు మూసుకుంది.

"ఒక్క చెంచా రా తల్లీ. నా బంగారం కదూ."

"అమ్మా, వద్దు. కడుపులో తిప్పుతోంది."

"తినకపోతే పైపు వేస్తారట. నీకు తెలీదు, ముక్కులోంచి..."

"తెలుసమ్మా. పొద్దుట్నుంచీ పద్నాలుగు సార్లు చెప్పావ్."

రెండు చెంచాలు దిగాయి. మూడోది పెదాల దగ్గరే ఆగిపోయింది. ఇంతలో వార్డు కొసన చక్రాల చప్పుడు. అమ్మ అటు చూసింది, ఇటు చూసింది.  ఏమయిందో ఆమెకే తెలీదు, పళ్ళెం ఒళ్ళోకి లాక్కుని సూపు, మెత్తటి అన్నం, ఉడికిన గుడ్డు, అన్నీ గుటుక్కు గుటుక్కున మింగేసింది. ఎక్స్‌ప్రెస్ వచ్చి, ఖాళీ పళ్ళెం చూసి, సున్నా మొత్తం నింపేసి పోయాడు.

మర్నాడు పొద్దున హెడ్ సిస్టర్ మొహం వెలిగిపోయింది. "శభాష్! పున్నమి! మీరు దగ్గరుండి తినిపిస్తున్నారు కాబట్టే ఇలా తింటోంది" అంది. అమ్మకు సిగ్గు ముంచుకొచ్చింది. కానీ సిగ్గుతో పాటు ప్రాణం కూడా లేచొచ్చింది. ఆ రెండోదే రుచిగా ఉంది.

ఇక ఆపడం ఆమె చేతిలో లేకపోయింది. గురువారం మూడు పూటలు, శుక్రవారం మూడు పూటలు, అన్నీ పున్నములే. ఉప్పు లేని సూపు, మిరియం వాసన కూడా తగలని బంగాళాదుంప ముద్ద, చప్పటి పాలు. అన్నీ తనే లాగించింది. ఇంటి నుంచి మొగుడు పంపే అన్నం డబ్బా మూత తీయకుండా అలాగే ఉండిపోయేది. సాయంత్రం పనిలోంచి ఫోన్ చేసి "తింటోందా?" అని మొగుడు అడిగితే, "పళ్ళెం ఖాళీ" అనేది. అందులో అబద్ధం లేదు కదా అని తనకి తనే సర్దిచెప్పుకునేది.

బొద్దు గోడ వైపు తిరిగి అన్నీ వింటూనే ఉండేది. బలవంతం తప్పిందని ఆమెకూ హాయిగానే ఉంది. ఒకసారి నీరసంగా నవ్వి, "అమ్మా, నువ్వు బాగా కోలుకుంటున్నావ్" అంది.

"నోర్ముయ్."

రెండో మంచం మామ్మ బోసినోటితో కిసుక్కుమంది. అమ్మ అటు చూస్తే, "నాకేం కనపడదమ్మా, కళ్ళల్లో పొరలు" అని దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

శనివారం పొద్దున టిఫిను పెట్టకుండానే బొద్దుని బరువు చూసే మిషను ఎక్కించారు. మూడు రోజుల్లో కిలోన్నర తగ్గింది. పెద్ద డాక్టరు కాగితం చూశాడు, మిషను చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. "అన్ని పూటలూ పూర్తిగా తింటోంది. వాంతులు లేవు, విరేచనాలు లేవు. మరి తిన్నదంతా ఎటు పోతోంది?" అని పక్కనున్న చిన్న డాక్టరుతో అన్నాడు. "లోపల ఏదో తేడా ఉంది. సాయంత్రం స్కాన్ తీయించండి. అవసరమైతే మళ్ళీ తెరిచి చూడాల్సి రావచ్చు."

మళ్ళీ తెరిచి. అమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నాళ్ళూ ఆమె ఊహించుకున్న ఘోరాలన్నీ ఎక్కడో గాలిలో తిరిగేవి. ఇది మాత్రం తన చేతులతో తనే తెచ్చి పిల్ల మంచం మీద పెట్టింది. చెప్పేద్దామని నోరు తెరిచింది.  చెప్తే తిడతారు, తిట్టి వార్డులోంచి పంపేస్తారు, పిల్లని ఎవరు చూసుకుంటారు? చెప్పకపోతే కోస్తారు. ముందుకీ వెనక్కీ దారి లేనట్టు స్టూలు మీద కూలబడిపోయింది.

పన్నెండయింది. బండి కిర్రుమంది. కానీ ఆ వేళ చప్పుడు వేరుగా ఉంది, మంచం మంచానికీ ఆగుతోంది. ఆగిన చోటల్లా మాటలు వినిపిస్తున్నాయి. సెలవు అయిపోయి అసలు మనిషి వచ్చింది. అందరూ బండక్క అని పిలిచే ఆవిడ. యాభై దాటి ఉంటాయి, పొట్టిగా గట్టిగా ఉంటుంది, ఇరవై రెండేళ్ళుగా ఇదే బండి, ఇదే వార్డు.

"ఏం మామ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావా? ఇంటికి పంపలేదా?"

"నువ్వు రాకుండా ఎట్లా పోతానే? నీ బదులొచ్చినవాడు ట్రే పెట్టే స్పీడుకి నా గుండె ఆగేది."

"తనకి పాలు పడేదాకా మా చెల్లెలు కదలనివ్వలేదు మామ్మా. ఇదిగో, రొట్టె అంచులు తీసేశాను, చప్పరించు" అని, బండక్క మూడో మంచం దగ్గరికి వచ్చి అట్ట అందుకుంది. కాగితం చూసి కనుబొమలు పైకెత్తింది.

"ఏడు పున్నములు! వరసగా!" అంది. కాగితం దించి బొద్దుని చూసింది. ఎండిపోయిన పెదాలు, లోపలికి పోయిన చెంపలు. తర్వాత అమ్మని చూసింది. అమ్మ నేల చూపులు చూస్తోంది.

"వదినా, ఒక్క నిమిషం ఇలా రా. మూతలు సర్దుదువుగాని" అని వడ్డన గదిలోకి తీసుకుపోయింది. వార్డు పక్కనే ఇరుకు గది, గోడ పొడుగునా ట్రేలు, సింకు, ఒక చిన్న ఫ్రిజ్. తలుపు దగ్గరికేసి, "ఇరవై రెండేళ్ళలో ఆ సూపుకి పున్నమి పడటం నేను చూడలేదు వదినా. వండినాయనే తాగడు దాన్ని. ఎవరు తాగారు?" అంది.

అమ్మ మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. "నేనే" అంది. అన్నాక ఇక ఆగలేదు. పైపు, నెలవంక, చక్రాల చప్పుడు, కిలోన్నర, స్కాన్, మళ్ళీ తెరవడం, అన్నీ కలగాపులగంగా వెళ్ళగక్కేసింది. కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి.

బండక్క మొదట పడీ పడీ నవ్వింది. "ఏడు పూటలు! ఉప్పు లేకుండా! నీకు దండం పెట్టాలి." తర్వాత నవ్వు ఆపి, "కానీ వదినా, డాక్టరుకి ఆ కాగితమే కన్ను. నువ్వు ఆయన కళ్ళకి గంతలు కట్టావు. ఇప్పుడు పిల్లని చీకట్లో తడుముతున్నాడు" అంది.

"చెప్తే పంపించేస్తారు."

"ఎవరూ పంపరు. పంపితే నా బండెక్కించుకుని తీసుకొస్తాను. పద, నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడతాను."

అంతా విని హెడ్ సిస్టర్ ఎర్రగా చూసింది. "మీకు బుద్ధుందా అమ్మా? దీని వల్ల పిల్లని లేనిపోని పరీక్షలకి పంపేవాళ్ళం తెలుసా?" అంది. అమ్మ తల దించుకుని నిలబడింది. తిట్టనీ, ఎంతైనా తిట్టనీ. తిట్టే కొద్దీ గుండె బరువు దిగుతోంది.

"తిట్టండి సిస్టర్, తిట్టాల్సిందే" అంది బండక్క. "కానీ పళ్ళెం చూసినవాళ్ళు మంచం వైపు చూడలేదు కదా. ఆ ట్రే కాళ్ళ దగ్గర పెడితే, పొట్ట నిండా కుట్లున్న పిల్ల ఎలా అందుకుంటుంది? ఇంకోటి అడుగుతాను, వాంతి మాత్ర ఎన్నింటికి ఇస్తున్నారు?"

హెడ్ సిస్టర్ ఫైలు తిప్పింది. ఒంటిగంటకి. మిగతా మాత్రలతో కలిపి. అన్నం పన్నెండుకి.  పెన్ను తీసి ఒంటిగంట కొట్టేసి పదకొండున్నర అని రాసింది. "అన్నం తీసేసిన అరగంటకి ఇస్తున్నాం. ఎవరం గమనించలేదు" అంది, ఎవరికీ చెప్పనట్టుగా. ఆ తర్వాత డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన అవతల గట్టిగా ఒక నిట్టూర్పు విడిచి, స్కాన్ ఆపమన్నాడు. సోమవారం బరువు మాత్రం తప్పదన్నాడు. తగ్గకూడదు, అంతే. తగ్గితే పైపే.

అంటే రెండు రోజులు.

సాయంత్రం బండక్క అన్నం బండి కంటే ముందు చేతులూపుకుంటూ వచ్చింది. మంచం కింద ఉన్న బెడ్‌పాన్ తీసి అవతల పెట్టించింది. తల వైపు మంచం ఎత్తింది, పొట్ట లాగకుండా మోకాళ్ళ కింద తలగడ దూర్చింది. బల్లని చక్రాల మీద నెట్టి పిల్ల ఛాతీ దగ్గరికి తెచ్చింది. తడి గుడ్డతో చేతులు తుడిచి, నోరు పుక్కిలించడానికి నీళ్ళిచ్చింది. ఇదంతా చేస్తూ వ్యాను సంగతులు అడుగుతోంది.

"వ్యాన్లో ఎంతమంది?"

"పంతొమ్మిది. ఒకడు రోజూ చెప్పులు వ్యాన్లోనే వదిలేసి దిగిపోతాడు."

"రెండూనా?"

"ఒక్కటే. రెండోది స్కూల్లో ఉంటుంది."

బండక్క ఘొల్లుమంది. "సరే, ఇప్పుడు చెప్పు. ఏది తినాలనుంది?"

బొద్దు ఆశ్చర్యంగా చూసింది. ఈ నాలుగు రోజుల్లో తిను తిను అన్నవాళ్ళే గాని, ఏం కావాలని అడిగినవాళ్ళు లేరు. కాసేపు ఆలోచించి, "చల్లగా ఉండాలి. వాసన రాకూడదు" అంది.

"పెరుగు?"

"కొంచెమే."

"నేనేమైనా బకెట్టుతో తెస్తానన్నానా?"

వెళ్ళబోతూ బండక్క అమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "వదినా, నువ్వు బయట బెంచీ మీద కూర్చో."

"నేనా? నేను లేకపోతే అసలు తినదు!"

"నువ్వుండగా ఏపాటి తింది? ఎదురుగా కూర్చుని, కళ్ళల్లో వత్తులు వేసుకుని నోట్లోకి చూస్తుంటే నాకైనా ముద్ద దిగదు. పోయి నీ ఇంటి డబ్బా నువ్వు తిను. మూడు రోజుల నుంచి మూతైనా తీయట్లేదని మామ్మ చెప్పింది."

అమ్మ వెళ్ళింది. వెళ్ళిందనే గాని, సగం వసారాలో, సగం తలుపు సందులో నిలబడింది. బండక్క వడ్డన గదిలోనే మూతలన్నీ తీసేసి, ఆవిరంతా అక్కడే పోనిచ్చి, పళ్ళెం కాదు, ఒక సాసరులో నాలుగు చెంచాల పెరుగూ, అంచులు తీసిన రొట్టె ముక్కా పట్టుకుని లోపలికి పోయింది. తలుపు వేసేసింది.

బెంచీ మీద అమ్మ అరచేతుల్లో మొహం పెట్టుకుంది. చల్లటి పెరుగు, జలుబు చేస్తుందేమో. దగ్గొస్తే కుట్లు లాగుతాయి. కుట్లు లాగితే... లోపల నవ్వు వినిపించింది. బొద్దు నవ్వు. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి. నవ్వితే పొట్ట నొస్తుందని "అబ్బా, నవ్వించకు అక్కా" అంటోంది. అమ్మ ఊహ ఆ మాట దగ్గర ఆగిపోయింది. కుట్లు తెగే దాకా పోలేదు.

కాసేపటికి బండక్క బయటికి వచ్చి సాసరు చూపించింది. సగానికి పైగా మిగిలింది. అట్ట మీద సున్నాలో పావు నింపింది.

అమ్మ మొహం వాడిపోయింది. "అంతేనా?"

"అంతే. కానీ నిజం పావు. నీ ఏడు పున్నములూ కలిపినా దీనంత లేవు."

ఆదివారం పొద్దున పావు. మధ్యాహ్నం మాత్ర పదకొండున్నరకే వేశారు. పన్నెండుకి రౌండ్స్‌కి వచ్చిన చిన్న డాక్టరుని హెడ్ సిస్టర్ గుమ్మం దగ్గరే ఆపేసింది. "అన్నం వేళండీ, అరగంట ఆగి రండి, మీకూ టీ ఇప్పిస్తాను" అంది. ఆ పూట గుడ్డు తెల్లసొన, పెరుగు, చల్లార్చిన బంగాళాదుంప కలిపి సగం దిగాయి. మూడు గంటలకి, ఎవరూ అడక్కుండానే, బండక్క ఒక గ్లాసు చల్లటి పాలు పెట్టి పోయింది. అది కాగితంలో లెక్కలేని పూట. రాత్రి భోజనం కూడా సగం.

అమ్మ పూట పూటకీ బెంచీ మీదికే పోయేది. మొదట్లో ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చునేది. ఆదివారం సాయంత్రానికి పక్కన కూర్చున్న వేరే రోగుల వాళ్ళతో మాటలు కలిశాయి. ఒకావిడ మొగుడికి కాలు విరిగిందట. "తింటున్నాడా?" అని అమ్మే అడిగింది. "ఎక్కడా, పళ్ళెం అందదు ఆయనకి" అంది ఆవిడ. అమ్మ గొంతు తగ్గించి, "బల్ల చక్రాలుంటాయి, దగ్గరికి లాగించు. నువ్వు మాత్రం ఆయన నోట్లోకి చూస్తూ కూర్చోకు" అని చెప్పింది, తనకి పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టు.

సోమవారం పొద్దున మిషను మీద నిలబడ్డ బొద్దు చెయ్యి పట్టుకోవడానికి అమ్మకు ధైర్యం చాల్లేదు. రెండో మంచం కడ్డీ పట్టుకుని నిలబడిపోయింది. మామ్మ ఆమె చేతి మీద తట్టింది. ముల్లు ఊగింది, అటూ ఇటూ తిరిగి నిలబడింది. చిన్న డాక్టరు వంగి చూసి, "శనివారం కంటే రెండు వందల గ్రాములు ఎక్కువ" అన్నాడు.

రెండు వందల గ్రాములు. అరచేతిలో పట్టేంత. పెద్ద డాక్టరు కాగితం చూశాడు, ఈసారి బొద్దు మొహం కూడా చూశాడు. "ఇవి ఎవరు తిన్నారమ్మా?" అన్నాడు అమ్మ వైపు తిరిగి.

అమ్మకు తల తీసేసినట్టయింది. కానీ ఆయన మీసాల కింద నవ్వు కనిపించింది. "మా అమ్మాయే తిందండీ. నేను ఆ గుమ్మం దాటలేదు. కావాలంటే అడగండి" అంది.

"నేను సాక్ష్యం" అంది మామ్మ.

"నీకు కళ్ళు కనపడవు కదా మామ్మా?" అంది బొద్దు.

"మంచి విషయాలు కనపడతాయి."

పైపు అవసరం లేదన్నాడు డాక్టరు. గురువారం మళ్ళీ బరువు చూసి, ఇలాగే పెరిగితే ఇంటికి పంపుతానన్నాడు. హెడ్ సిస్టర్ ఫైల్లో రాసుకుంది. వార్డులో అందరి మాత్రలూ ఎన్నింటికి ఇస్తున్నారో ఒకసారి చూడాలని చిన్న డాక్టరుతో అంటూ ముందుకు కదిలింది.

పన్నెండుకి బండి వచ్చింది. అమ్మ తనే లేచి బల్ల దగ్గరికి లాగి, తలగడ సర్ది, కూతురి నుదురు నిమిరి బయటికి నడిచింది. బెంచీ మీద కూర్చుని డబ్బా విప్పింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి తనకి నిజంగా ఆకలేసింది. మెతుకు మెతుకూ రుచిగా ఉంది. రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా లోపల్నుంచి బొద్దు గొంతు వినిపించింది, కొంచెం గట్టిగానే.

"అక్కా, ఇంకొంచెం పెరుగుందా?"

అమ్మ డబ్బా పక్కన పెట్టేసి గబుక్కున లేచింది. రెండడుగులు వేసింది. తలుపు దాకా వెళ్ళి, గొళ్ళెం మీద చెయ్యి పెట్టి, ఆగింది. లోపల చెంచా గిన్నెకి తగులుతున్న చప్పుడు. బండక్క ఏదో అంటోంది, పిల్ల నవ్వుతోంది. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని వెనక్కి వచ్చి కూర్చుంది. చల్లారకముందే తన అన్నం తను తిన్నది.